గడ్డి మేసిన రాజు నెబుకద్నెజరేనా?

సండే స్కూలుకు వెళ్లిన తెలుగు పిల్లలకు ఈ కథ కొత్త కాదు. బబులోను రాజు నెబుకద్నెజరు మేడ మీద తిరుగుతూ, ఈ మహానగరాన్ని నా బలంతో, నా ఘనత కోసం నేనే కట్టించాను కదా అనుకుంటాడు. మాట నోట్లో ఉండగానే ఆకాశం నుంచి స్వరం వినిపిస్తుంది. రాజ్యం పోతుంది, మతి పోతుంది. మనుషుల మధ్య నుంచి తరిమేస్తే ఎద్దులా గడ్డి మేస్తూ, మంచుకు తడుస్తూ బతుకుతాడు. వెంట్రుకలు గద్ద ఈకల్లా, గోళ్లు పక్షి గోళ్లలా పెరుగుతాయి. ఏడు కాలాలు (ఏడేళ్లని అంటారు) గడిచాక ఆకాశం వైపు కళ్లెత్తి చూస్తాడు. బుద్ధి తిరిగొస్తుంది, సింహాసనం కూడా.

బైబిల్లోని దానియేలు గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉన్న ఈ కథ గురించి అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండు. ఇది నిజంగా జరిగిందా? జరిగితే ఆ జబ్బు ఏమిటి? ఈ రెండింటి కింద ఇంకో ప్రశ్న ఉంది: ఇది అసలు ఏ రాజు కథ? నా అభిప్రాయం ముందే చెబుతాను. దీని వెనుక ఉన్న చారిత్రక జ్ఞాపకం చాలావరకు నబొనిడస్ అనే తర్వాతి రాజుది. అయినా ఇది నెబుకద్నెజరు పేరు మీదికి రావడానికి బలమైన కారణం ఉంది. ఆ కారణం అర్థమైతేనే అధ్యాయం అర్థమవుతుంది.

ముందు అధ్యాయాన్నే జాగ్రత్తగా చదవాలి. ఇది రాజు సకల జనులకు రాసిన లేఖ రూపంలో ఉంటుంది. "నేను" అంటూ మొదలుపెడతాడు. చెరపట్టి తెచ్చిన యూదుడు దానియేలు రాజు కన్న కలకు భావం చెప్పే చోటికి వచ్చేసరికి కథనం "రాజు", "అతడు" అని మారిపోతుంది. మతి తప్పిన కాలమంతా అతని గొంతు మనకు వినపడదు. బుద్ధి తిరిగొచ్చిన వాక్యంలోనే మళ్లీ "నేను" వస్తుంది. రాసినవాళ్లు తెలిసే ఇలా చేశారని నేను నమ్ముతాను.

కలలో ఒక మహావృక్షం ఉంటుంది. దాని తల ఆకాశాన్ని తాకుతుంది, నీడలో జంతువులు, కొమ్మల్లో పక్షులు ఉంటాయి. ఆకాశం నుంచి దిగి వచ్చిన ఒక పరిశుద్ధుడు దాన్ని నరికేయమంటాడు. అయితే మొద్దును, వేళ్లను మాత్రం ఇనుము, ఇత్తడి కట్టుతో బిగించి నేలలోనే ఉంచమంటాడు. చెట్టు చావదన్నమాట. దానియేలు ఈ కల విని సంతోషించడు. కలవరపడతాడు. ఈ కల మీ శత్రువులకు పట్టాలి ప్రభూ అంటాడు. ఆ తర్వాత ఒక సలహా ఇస్తాడు: పాపాలు మాని నీతిగా నడుచుకో, నలిగినవాళ్ల మీద కనికరం చూపు, అప్పుడు నీ క్షేమం నిలవవచ్చు. రాజుకు పన్నెండు నెలల గడువు దొరుకుతుంది. మేడ మీద ఆ మాట అనుకున్నది ఆ గడువు చివర.

మన ప్రసంగాల్లో కల, గర్వం, గడ్డి వస్తాయి కానీ నాలుగో అధ్యాయం 27వ వచనంలోని ఈ సలహాను దాటేస్తుంటారు. అది దాటితే కథ ఒక మనిషి అహంకారం గురించిన నీతికథగా మిగిలిపోతుంది. ఆ వచనంతో కలిపి చదివితే మేడ మీది మాటకు అర్థం మారుతుంది. ఈ నగరాన్ని ఎవరు కట్టారన్నది అక్కడ అసలు ప్రశ్న.

కట్టింది ఎవరో మనకు తెలుసు. రెండో నెబుకద్నెజరు క్రీ.పూ. 605 నుంచి 562 వరకు, 43 ఏళ్లు పాలించాడు. యువరాజుగా కర్కెమీషు దగ్గర ఈజిప్టు సైన్యాన్ని ఓడించిన ఏడాదే రాజయ్యాడు. క్రీ.పూ. 597లో యూదుల రాజధాని యెరూషలేమును లొంగదీసుకుని రాజు యెహోయాకీనును చెరపట్టుకుపోయాడు. పదేళ్ల తర్వాత ఆ నగరం మళ్లీ తిరగబడితే అక్కడి యూదుల మందిరాన్ని తగలబెట్టించాడు. అతని కాలంలో బబులోను ప్రపంచంలోనే పెద్ద నగరాల్లో ఒకటి. జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ కోల్డెవై 1899 నుంచి 1917 వరకు అక్కడ తవ్వించాడు. నీలి మెరుపు ఇటుకల ఇష్తార్ ద్వారం, ఊరేగింపు వీధి, రాజభవనాలు బయటపడ్డాయి. ఎక్కడ చూసినా రాజు ముద్ర వేసిన ఇటుకలే: నెబుకద్నెజరు, బబులోను రాజు, ఎసగిల, ఎజిద ఆలయాల పోషకుడు, నబొపొలస్సరు పెద్దకొడుకు. ఎతెమెనంకి అనే గోపురం గురించిన శాసనంలో, పై సముద్రం (మధ్యధరా) నుంచి కింది సముద్రం (పర్షియన్ గల్ఫ్) వరకు ఉన్న జనాలను పనికి రప్పించానని అతనే చెప్పుకున్నాడు. చెరలో ఉన్న యెహోయాకీనుకు, అతని అయిదుగురు కొడుకులకు ఇచ్చిన నూనె లెక్కలు రాసిన మట్టి పలకలు కూడా ఆ తవ్వకాల్లోనే దొరికాయి. ఓడిన రాజు పిల్లలకు నూనె కొలిచి ఇస్తున్న భవనం, మేడ మీద నిలబడి "నేను కట్టించాను" అనుకున్న భవనం ఒకే నగరంలోవి. 27వ వచనంలోని నలిగినవాళ్లు ఎవరన్న దానికి మట్టి పలకల మీద సాక్ష్యం ఉంది.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఈ రాజు శాసనాల్లో ఉత్త గర్వమే ఉంటుందనుకుంటే పొరపాటు. తనను తాను వినయశీలినని, దేవుళ్లకు భయపడేవాడినని పదేపదే చెప్పుకుంటాడు. బబులోను ప్రధాన దైవం మర్దూకే తనకు రాజ్యం ఇచ్చాడంటాడు. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ వాళ్ల లండన్ భవనంలో ఉండటం వల్ల ఆ పేరుతోనే పిలిచే పెద్ద రాతి శాసనం ఒకటుంది. అందులో కొత్త రాజభవనాన్ని 15 రోజుల్లో కట్టేశానన్న గొప్పా ఉంది, చివర మర్దూకుకు చేసిన ప్రార్థనా ఉంది. అతని భక్తి నటన అని కొట్టేయడం నాకిష్టం లేదు. దానియేలు గ్రంథం కూడా అతన్ని నాస్తికుడిగా చూపదు. దేవుడి పేరు పలుకుతూనే, తన కింద నలుగుతున్నవాళ్లను చూడని రాజుగా చూపుతుంది.

బబులోను మతంలోనే రాజును వంచే ఏర్పాటు ఒకటి ఉండేది. వసంతంలో కొత్త సంవత్సరానికి జరిగే అకీతు పండుగ అది. అందులో ఒకరోజు ప్రధాన పూజారి రాజు రాజదండాన్ని, కిరీటాన్ని తీసేసుకుని, చెంప మీద కొట్టి, చెవులు పట్టి లాగి, మర్దూకు ముందు మోకరిల్లేలా చేసేవాడు. నేను పాపం చేయలేదు, బబులోనును నాశనం చేయలేదు, పౌరుల చెంప మీద కొట్టలేదు అని రాజు చెప్పాలి. రాజచిహ్నాలు తిరిగిచ్చాక పూజారి మళ్లీ చెంప మీద కొట్టేవాడు. కన్నీళ్లు వస్తే దేవుడు సంతోషించినట్టు. రాకపోతే దేవుడు కోపంగా ఉన్నాడని, శత్రువు లేచి రాజును పడదోస్తాడని నమ్మకం. ఈ తంతు వివరాలు తర్వాతి కాలపు పలకల్లో దొరికాయి. రాజచిహ్నాలు తీసేయడం, దేవుడి ముందు తల వంచడం, అధికారం తిరిగి పొందడం: దానియేలు నాలుగో అధ్యాయం నడక ఇదే. యూదులు ఈ కథను శూన్యంలో అల్లలేదు. రాజు అనేవాడు పైవాడి ముందు వంగాలన్న బబులోను భావాన్నే తీసుకుని, మర్దూకు స్థానంలో తమ దేవుణ్ని నిలిపారు.

అయితే మతిభ్రమణం మాటేమిటి? బబులోను రాజుల విజయాలను ఏడాదికేడాది రాసిన వృత్తాంత పలకలు క్రీ.పూ. 594 దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి నెబుకద్నెజరు చనిపోయేదాకా సుమారు 30 ఏళ్లకు ఆ తరహా పలకలు దొరకలేదు. అతని పాలన 37వ ఏట ఈజిప్టు మీద దండెత్తిన సంగతి చెప్పే చిన్న ముక్క ఒకటి ఉంది. అందువల్ల అతనికి ఏడేళ్లు మతి పోయిందని బబులోను వృత్తాంతాలు చెప్పవు. పోలేదని నిరూపించే వరుస పత్రాలూ లేవు. బబులోను పూజారి, చరిత్రకారుడు బెరోసస్ అతను జబ్బుపడి చనిపోయాడని మాత్రమే రాశాడు. 1975లో ప్రచురితమైన ఒక పలక ముక్కలో, నెబుకద్నెజరు పేరుతో పాటు ప్రాణం మీద ఆశ లేని, కొడుకును కూతురిని పట్టించుకోని మనిషి ప్రస్తావన ఉంది. కొందరు దాన్ని పిచ్చికి సాక్ష్యంగా చూపుతారు. కానీ పలక బాగా విరిగిపోయింది. ఆ మాటలు అతని కొడుకు ఎవీల్మెరోదకు గురించి కావచ్చని మరికొందరు అంటారు. ఆ ముక్క మీద ఇల్లు కట్టలేం.

వైద్యులు ఈ జబ్బుకు బోఆంత్రోపీ అని పేరు పెట్టారు. మనిషి తాను పశువునని నమ్మే అరుదైన భ్రమ అది. కానీ అధ్యాయం మళ్లీ చూడండి. రాజు తనను తాను ఎద్దు అనుకున్నాడని ఎక్కడా లేదు. పశువు మనసు ఇవ్వబడిందని, ఎద్దులా గడ్డి మేశాడని ఉంది. రెండు వేల ఏళ్లకు పైబడిన సాహిత్య వర్ణనకు ఈనాటి రోగనిర్ధారణ అంటించడం వల్ల మనకు ఏమీ తెలియదు. పైగా ఆ వర్ణన ఆ నేల మీద పుట్టిందే. గిల్గమేష్ గాథ అనే ఆ ప్రాంతపు పాత కావ్యంలో ఎంకిడు అనే అడవి మనిషి ఒళ్లంతా వెంట్రుకలతో, జింకలతో కలిసి గడ్డి మేస్తూ, వాటి మడుగులోనే నీళ్లు తాగుతూ తిరుగుతాడు. రొట్టె తిని, సారా తాగి, బట్ట కట్టాక మనిషవుతాడు, నగరానికి వస్తాడు. మెసొపొటేమియా ఆలోచనలో మనిషితనం అంటే నగరం. నెబుకద్నెజరు కథ ఎంకిడు దారిని తలకిందులు చేస్తుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప నగరం కట్టినవాడు నగరం బయట గడ్డి దగ్గరికి వెళ్తాడు. బబులోనులో పెరిగిన శ్రోతకు ఆ దెబ్బ ఎంత గట్టిగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక నబొనిడస్ సంగతి. క్రీ.పూ. 556 నుంచి 539 వరకు పాలించిన ఇతను బబులోను చివరి రాజు. హర్రాను పట్టణంలోని చంద్రదేవుడు సీను అంటే ఇతనికి ప్రాణం. ఆ భక్తి మర్దూకు పూజారులకు గిట్టలేదు. ఉన్నట్టుండి రాజధాని వదిలి, కొడుకు బెల్షస్సరుకు పాలన అప్పగించి, అరేబియా ఎడారిలోని తైమా ఒయాసిస్సుకు వెళ్లి పదేళ్లు ఉండిపోయాడు. రాజు లేక అకీతు పండుగ ఆ ఏళ్లలో ఆగిపోయింది. రాజు చెంప మీద కొట్టే పూజారి ఉన్నాడు, కొట్టించుకోవాల్సిన రాజు లేడు. ఎందుకు వెళ్లాడన్న దానికి అతని సొంత వివరణ హర్రానులో 1956లో దొరికిన రాతి ఫలకాల మీద ఉంది. జనం పాపం చేశారని, జ్వరాలు, కరువు వచ్చాయని, సీను దేవుడే తనను నగరానికి దూరంగా పంపాడని అంటాడు. తైమా నుంచి యత్రిబు వరకు, అంటే ఈనాటి మదీనా వరకు, తిరిగిన ఊళ్ల పేర్లు చెబుతాడు. ఆ ఫలకాలు "నేను" అంటూ దేవుడి కార్యాలను లోకానికి చాటే పద్ధతిలో ఉంటాయి. ఇతనికి కలలంటే కూడా పట్టింపు ఎక్కువ. ఒక శాసనంలో తన కలలోకి నెబుకద్నెజరే వచ్చాడని రాయించాడు.

పారశీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాక పాత రాజును దుమ్మెత్తిపోస్తూ ఒక పద్యకావ్యం పుట్టింది. అందులో నబొనిడస్ నేను జ్ఞానిని, రహస్యాలు చూశాను అని బడాయి పోతాడు, పూజావిధులు కలగాపులగం చేస్తాడు, ఎవరూ ఎరగని విగ్రహం చేయిస్తాడు. అహంకారి, దేవుడు వదిలేసినవాడు, ఎడారి పాలైనవాడు అన్న బొమ్మ అప్పటికే సిద్ధమైంది.

అసలు ముడి విప్పింది మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహలు. నాలుగో గుహలో దొరికిన కొన్ని అరామిక్ భాషా రాతప్రతి ముక్కలను మిలిక్ అనే పండితుడు 1956లోనే ప్రచురించాడు. వాటిని ఇప్పుడు నబొనిడస్ ప్రార్థన అంటారు. అందులో బబులోను రాజు తైమాలో దేవుడి ఆజ్ఞ వల్ల చెడ్డ పుండ్ల వ్యాధితో ఏడేళ్లు బాధపడతాడు. మనుషులకు దూరంగా ఉంటాడు. వెండి, బంగారం, ఇత్తడి, ఇనుము, చెక్క, రాయి, మట్టి దేవుళ్లను మొక్కాడు. చెర నుంచి వచ్చిన యూదుడొకడు అతనికి దారి చెబుతాడు, మహోన్నతుడైన దేవుడి పేరుకు ఘనత ఇమ్మంటాడు. ఏడేళ్లు, రాజు తానే చెప్పే కథనం, చెరలోని యూదుడు, మహోన్నతుడైన దేవుడు: దానియేలు అధ్యాయంలోని సరంజామా అంతా ఇక్కడుంది. రాజు పేరు వేరు, జబ్బు వేరు, ఆ యూదుడికి పేరు లేదు.

దానియేలు అయిదో అధ్యాయం దీన్ని ఇంకా బలపరుస్తుంది. అక్కడ బెల్షస్సరును నెబుకద్నెజరు కుమారుడంటారు, నీ తండ్రి గడ్డి మేశాడని దానియేలు గుర్తు చేస్తాడు. శాసనాల ప్రకారం బెల్షస్సరు తండ్రి నబొనిడస్. బెల్షస్సరు తండ్రి కథ అని నోటి మాటగా తిరిగిన కథలో, తండ్రి స్థానంలో నెబుకద్నెజరు వచ్చి కూర్చున్నాడని నాకు అనిపిస్తుంది. దీన్ని ఒప్పుకోని విశ్వాసులు ఉన్నారు. తండ్రి అంటే పూర్వీకుడు అని కూడా అర్థం ఉందని, వృత్తాంతాలు లేని ఆ 30 ఏళ్లలో ఏడేళ్ల జబ్బుకు చోటుందని, నబొనిడస్ కథే దీనికి నకలు కావచ్చని వాళ్ల వాదన. చోటున్న మాట నిజం. కానీ తైమా ఎడారి, పదేళ్ల ప్రవాసం, బెల్షస్సరు, కలలు అన్నీ ఒకే మనిషి దగ్గర పోగుపడుతుంటే నేను అటే మొగ్గుతాను.

నెబుకద్నెజరును మేడ మీద నిలబెట్టిన మరో కథ కూడా ఉంది. దాన్ని చెప్పినవాడు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే మెగస్తనీసే. చంద్రగుప్త మౌర్యుడి ఆస్థానానికి వచ్చిన గ్రీకు రాయబారి, ఆంధ్రుల 30 కోటల లెక్కకు మూలమని చెప్పుకునే ఆ రచయిత. అతని పేరు మీద అబిడెనస్ అనే తర్వాతి గ్రీకు చరిత్రకారుడు చెప్పిన మాటను క్రైస్తవ చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. నెబుకద్నెజరు రాజభవనం పైకెక్కి, దేవుడు పూనినట్టు, పారశీక కంచరగాడిద (అంటే కోరెషు) వచ్చి మిమ్మల్ని బానిసలను చేస్తుందని బబులోనీయులకు చెప్పి మాయమవుతాడు. ఆ వచ్చేవాడు మృగాలు తిరిగే ఎడారిలో ఒంటరిగా తిరిగితే బాగుండునని శపిస్తాడు. మేడ, పూనకం, మృగాలు తిరిగే ఎడారి ఇక్కడా ఉన్నాయి. కాకపోతే ఎడారి శాపం శత్రువుకు. ఈ ముక్కలు ఆ ప్రాంతమంతా చేతులు మారుతూ తిరిగాయని దీన్నిబట్టి తెలుస్తుంది. యూదులు ఆ ముక్కలను కూర్చిన తీరు వేరు.

వాళ్లు నెబుకద్నెజరునే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. నబొనిడస్ వాళ్లను ఏమీ చేయలేదు. మందిరం కాల్చినవాడు, రాజును చెరపట్టినవాడు, పిల్లలను దూరదేశంలో పుట్టేలా చేసినవాడు నెబుకద్నెజరు. ఏ రాజుకు దేవుడు బుద్ధి చెప్పాడో వినాలని ఆ జనం కోరుకుంటారో చెప్పనక్కర్లేదు. ఆశ్చర్యపరిచేది ఆ తర్వాత జరిగేది. కథ అతన్ని చంపదు. బాగు చేస్తుంది. మన నహుషుడు కొండచిలువై పడి, ధర్మరాజు మాటతో శాపం తీర్చుకున్నాడు కానీ ఇంద్రపదవి అతనికి తిరిగి రాలేదు. నెబుకద్నెజరుకు సింహాసనం, మంత్రులు, మునుపటికంటే ఎక్కువ ఘనత దక్కుతాయి. దీనికి వేరు యిర్మీయా దగ్గర ఉంది. యెరూషలేము ఇంకా కూలకముందే ఆ ప్రవక్త, దేవుడు నెబుకద్నెజరును "నా దాసుడు" అన్నాడని ప్రకటించాడు. చెరలో ఉన్నవాళ్లకు, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం అందుకున్న జనం చెప్పుకున్న కథ ఇది. మొద్దుకు ఇనుప కట్టు వేసి కాపాడిన చెట్టు బొమ్మ ఆ జనానికే తోస్తుంది.

అదే జనం ఎప్పుడూ ఇలాగే చెప్పలేదు. క్రీ.పూ. 167లో యూదు మతాన్ని నిషేధించి మందిరాన్ని అపవిత్రం చేసిన గ్రీకు రాజు నాలుగో ఆంటియొకస్ గురించి రెండో మక్కబీయుల గ్రంథం చెప్పే చావు భయంకరం. ఒంట్లో పురుగులు పడతాయి. అతను పశ్చాత్తాపపడి, యూదుడినవుతానని మొక్కుకుంటాడు కూడా. దేవుడు వినడు. దానియేలు గ్రంథం ఇప్పటి రూపానికి వచ్చింది ఈ ఆంటియొకస్ హింస నడుస్తుండగానేనని చాలామంది పండితుల అభిప్రాయం. మొదటి ఆరు అధ్యాయాల కథలు అంతకంటే పాతవి. కత్తి మెడ మీద ఉన్న రోజుల్లో కూడా, రాజుకు మతి తిరిగొచ్చిన పాత కథను తీసేయకుండా గ్రంథంలో ఉంచుకున్నారన్నది నాకు చాలా పెద్ద విషయం.

నెబుకద్నెజరు ఎందుకు శిక్ష పొందాడన్న దాని మీద యూదుల్లోనే రెండు మాటలున్నాయి. దానియేలు పాత గ్రీకు అనువాదంలో ఈ అధ్యాయం చాలా తేడాగా ఉంటుంది. అందులో దానియేలు రాజుతో నేరుగా, సజీవుడైన దేవుని మందిరాన్ని పాడు చేశావని అంటాడు. మన తెలుగు బైబిల్ అనుసరించే అరామిక్ పాఠంలో ఆ మాట లేదు. అక్కడ సొంత మందిరం తగలబడినవాళ్లు, దాన్ని తగలబెట్టినవాడిని ఎదురుగా నిలబెట్టి, మందిరం ఊసెత్తకుండా, అతని కింద నలిగినవాళ్ల మీద కనికరం చూపమని అడుగుతారు. యూదులని కూడా అనరు, నలిగినవాళ్లు అంటారు.